ట్రంప్ సంతకాన్ని ఒక్క జడ్జి ఎలా ఆపారు? అమెరికాలో పుట్టే మన పిల్లల పౌరసత్వం కేసు అసలు కథ

జనవరి 20, 2025. డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. అదే రోజు రాత్రి వైట్‌హౌస్‌లో వరసగా ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ పోయారు. మనకి ఇక్కడ అప్పటికే 21వ తేదీ ఉదయం. షిఫ్ట్‌లో ఉన్న మేం ఆ ఫైళ్లలో ఒకదాన్ని చూసి వెంటనే స్క్రోలింగ్ వేశాం: "అమెరికాలో పుట్టినా ఇక పౌరసత్వం రాదు".

గంట తిరక్కముందే గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్. "ఏమ్మా, మన చిన్నోడి పాస్‌పోర్ట్ లాగేసుకుంటారా ఏంటి?" అని. చిన్నోడంటే ఆవిడ మనవడు. 2022లో టెక్సాస్‌లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ హెచ్-1బీ మీదే ఉన్నారు. ఆ పిల్లాడికి ఏమీ కాదు. కానీ ఆ మాట మా స్క్రోలింగ్‌లో లేదు. ఐదారు పదాల్లో అది పట్టదు కూడా.

మూడు రోజులకి ఇంకో బ్రేకింగ్. సియాటెల్‌లో ఒక జడ్జి ఆ ఆర్డర్‌ని ఆపేశారు. అప్పుడు వీడియో కింద వచ్చిన కామెంట్లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపించింది: "ప్రెసిడెంట్ కంటే జడ్జి పెద్దోడా?" సూటి ప్రశ్న. అమెరికా రాజ్యాంగం మొత్తం తిరిగేది దాని చుట్టూనే. 2025 మొత్తం ఈ కేసు కోర్టుల్లో నడిచింది. ఇప్పుడు అసలు ప్రశ్న సుప్రీంకోర్టుకి చేరింది కాబట్టి, మొదటి నుంచీ చూద్దాం.

ముందు ఆ ఆర్డర్‌లో ఏముందో చూడండి

అది అమెరికాలో పుట్టే పిల్లలందరి గురించీ కాదు. రెండు రకాల పిల్లలకి పౌరసత్వ పత్రాలు ఇవ్వొద్దని ప్రభుత్వ శాఖలకి చెప్పింది. ఒకటి, తల్లి అక్రమంగా దేశంలో ఉండి, తండ్రి అమెరికా పౌరుడు గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ కాకపోతే. రెండోది, తల్లి సక్రమంగానే ఉన్నా తాత్కాలికంగా ఉండి, అంటే స్టూడెంట్ వీసా, వర్క్ వీసా, టూరిస్ట్ వీసా లాంటి వాటి మీద ఉండి, తండ్రి పౌరుడు గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ కాకపోతే.

ఈ రెండో రకమే మన ఇళ్లని కదిపింది. హెచ్-1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. ఏ దేశం వాళ్లకీ ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో 7 శాతం మించకూడదన్న లిమిట్ వల్ల మనవాళ్లు ఏళ్లకేళ్లు క్యూలో ఉంటారు. పదేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తూ, ఇల్లు కొనుక్కుని, పన్నులు కడుతున్నా కాగితం మీద మాత్రం "తాత్కాలికం". అలాంటి జంటకి పుట్టే బిడ్డ ఈ ఆర్డర్ ప్రకారం అమెరికన్ కాదు. భార్యాభర్తల్లో ఒక్కరికి గ్రీన్‌కార్డు వచ్చి ఉంటే మాత్రం ఈ ఆర్డర్ ఆ బిడ్డని తాకదు.

ఇంకోటి, ఇది వెనక్కి వర్తించదు. సంతకం పెట్టిన 30 రోజుల తర్వాత, అంటే ఫిబ్రవరి 20, 2025 ప్రాంతం నుంచి పుట్టే పిల్లలకే. పిన్ని మనవడు సేఫ్ అన్నది అందుకే. ఆ తేదీలోపు డెలివరీ చేసేయమని నెలలు నిండకుండానే సిజేరియన్ల కోసం భారతీయ జంటలు డాక్టర్లకి ఫోన్లు చేస్తున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక తేదీ ఎంత భయం పుట్టిస్తుందో చూడండి.

ఆర్డినెన్స్ అనుకోకండి, ఇది జీవో లాంటిది

ఇక్కడే చాలామంది పొరబడతారు. మేమూ మొదట్లో రాసేటప్పుడు "ఆర్డినెన్స్" అని రాసేశాం, తర్వాత మార్చాం. మన దగ్గర రాష్ట్రపతి ఇచ్చే ఆర్డినెన్స్‌కి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. పార్లమెంట్ మళ్లీ సమావేశమైన ఆరు వారాల్లోగా ఆమోదించకపోతే పోతుంది, కానీ అప్పటిదాకా అది చట్టమే. అమెరికా ప్రెసిడెంట్‌కి అలాంటి పవర్ రాజ్యాంగంలో లేదు. చట్టం చేసేది కాంగ్రెస్ మాత్రమే, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిపి. అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, పార్లమెంట్ అని గుర్తుపెట్టుకోండి.

మరి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే? తన కింద పనిచేసే శాఖలకి, అధికారులకి ప్రెసిడెంట్ ఇచ్చే ఆదేశం. మన సెక్రటేరియట్ నుంచి వచ్చే జీవోతో పోల్చుకోవచ్చు. జీవో చట్టాన్ని అమలు చేయగలదు. చట్టాన్నే మార్చేస్తానంటే, రాజ్యాంగాన్నే మార్చేస్తానంటే కుదరదు.

దీని మీద అమెరికన్లు ఇప్పటికీ చెప్పుకునే కేసు 1952 నాటిది. కొరియా యుద్ధం నడుస్తోంది. ఉక్కు కార్మికులు సమ్మెకి దిగబోతున్నారు. యుద్ధానికి ఉక్కు ఆగిపోతే ఎలా అని ప్రెసిడెంట్ హ్యారీ ట్రూమన్ ఒక ఆర్డర్‌తో స్టీల్ మిల్లుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసేసుకున్నారు. సుప్రీంకోర్టు 6-3 తేడాతో కొట్టేసింది. యుద్ధ సమయమైనా సరే, కాంగ్రెస్ ఇవ్వని అధికారం నువ్వు సొంతంగా తీసుకోలేవని చెప్పింది. ట్రూమన్ మిల్లులు వెనక్కిచ్చేశారు.

ఆ కేసులో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయం అసలు తీర్పు కన్నా ఎక్కువ ఫేమస్ అయింది. ఆయన లెక్క ఏంటంటే, కాంగ్రెస్ అనుమతితో చేస్తే ప్రెసిడెంట్ బలం ఫుల్. కాంగ్రెస్ ఏమీ చెప్పకపోతే అనుమానం. కాంగ్రెస్ చెప్పినదానికి ఎదురెళ్తే బలం అట్టడుగుకి పడిపోతుంది.

ఈ కొలబద్ద పెట్టి మనకి సంబంధించిన రెండు విషయాలు చూడండి. సెప్టెంబర్ 2025లో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్లు కట్టాలన్నది కూడా ట్రంప్ సంతకంతో వచ్చిన ప్రకటనే. దాని మీద కూడా కేసులు పడ్డాయి. కానీ విదేశీయుల రాకని ఆపే అధికారం 1952 నాటి వలస చట్టంలో కాంగ్రెసే ప్రెసిడెంట్‌కి ఇచ్చింది కదా అని ప్రభుత్వం వాదించుకోవడానికి అక్కడ ఒక దారి ఉంది. పౌరసత్వం సంగతి వేరు. అది రాజ్యాంగంలోనే ఉంది. పైగా అవే మాటల్ని కాంగ్రెస్ చట్టంలో కూడా రాసిపెట్టింది. కాబట్టి ఇక్కడ ఆర్డర్ ఒకేసారి రెండు గోడల్ని గుద్దుకుంటోంది.

ఆ గోడ ఎవరు కట్టారు?

1857లో డ్రెడ్ స్కాట్ అనే నల్లజాతి బానిస వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆఫ్రికన్ మూలాలున్నవాళ్లు అమెరికా పౌరులు కాలేరని తేల్చేసింది. అక్కడే పుట్టినా సరే. ఆ దేశ కోర్టు చరిత్రలో అంతకంటే చెడ్డ తీర్పు లేదని అక్కడి లాయర్లే అంటారు. తర్వాత అంతర్యుద్ధం జరిగింది, బానిసత్వం పోయింది. ఇంకెప్పుడూ ఏ కోర్టూ, ఏ ప్రభుత్వమూ అలా అనకుండా 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ తెచ్చారు. దాని మొదటి వాక్యం సారాంశం ఇది: అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడి ఉన్న ప్రతి ఒక్కరూ అమెరికా పౌరులే.

తల్లిదండ్రులు ఎవరు, ఏ దేశం, ఏ వీసా అన్న మాటే అందులో లేదు.

మనకీ అమెరికాకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. మన దేశంలో 1987 జూలై 1కి ముందు పుట్టినవాళ్లు ఇక్కడ పుడితే చాలు, పౌరులే. ఆ తర్వాత పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి, ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదని కూడా చేర్చారు. ఇదంతా పార్లమెంట్ మామూలుగా 1955 పౌరసత్వ చట్టాన్ని సవరించి చేసింది. అమెరికాలో ఆ రూల్ రాజ్యాంగంలో ఉండిపోయింది కాబట్టి దాన్ని మార్చాలంటే రాజ్యాంగ సవరణే కావాలి. దానికి రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. మన రాజ్యాంగానికి వంద దాటాయి సవరణలు. రెండు శతాబ్దాలు దాటిన వాళ్ల రాజ్యాంగానికి ఇప్పటికి 27 మాత్రమే. చివరిది 1992లో అమల్లోకి వచ్చింది. ఈ ప్రశ్నని సవరణతో కాకుండా ఆర్డర్‌తో తేల్చాలనుకోవడానికి కారణం ఈ లెక్కల్లోనే కనిపిస్తుంది.

ఒక వంటమనిషి గెలిచిన కేసు

ఈ మొత్తం గొడవలో అందరూ పలికే పేరు వాంగ్ కిమ్ ఆర్క్. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. అమ్మానాన్న చైనా వాళ్లు. వంట పని చేసుకునేవాడు. అప్పట్లో అమెరికాలో చైనా వాళ్లంటే పడేది కాదు. 1882లో చైనా కూలీలు రాకుండా ఏకంగా చట్టమే చేశారు. చైనా వాళ్లకి పౌరసత్వం ఇవ్వడం కూడా నిషేధం.

1894లో అతను చైనా వెళ్లాడు. తాను ఇక్కడే పుట్టినవాణ్నని సాక్షుల సంతకాలతో కాగితం కూడా దగ్గర పెట్టుకున్నాడు. 1895లో తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. నువ్వు చైనావాడివి, నీ అమ్మానాన్న చైనా రాజుకి ప్రజలు, నువ్వు పౌరుడివి కాదు అన్నారు. నెలల తరబడి తీరం దగ్గర ఓడల మీదే ఉంచేశారు. పుట్టిన ఊరు కళ్ల ముందు కనిపిస్తుంటే దిగలేని పరిస్థితి.

1898లో సుప్రీంకోర్టు 6-2తో అతని వైపు తీర్పిచ్చింది. అమ్మానాన్న పౌరులు కాలేకపోయినా, అక్కడ నివాసం ఉంటున్నవాళ్ల బిడ్డ అక్కడ పుడితే అతను పౌరుడే అంది. మినహాయింపులు కొన్నే పెట్టింది. విదేశీ రాయబారుల పిల్లలు, దేశాన్ని ఆక్రమించిన శత్రు సైన్యం పిల్లలు, అప్పటికి తమ సొంత తెగ పాలనలో ఉన్న ఆదివాసీల పిల్లలు. ఆదివాసీలకి 1924లో కాంగ్రెస్ చట్టం చేసి పౌరసత్వం ఇచ్చింది.

గెలిచాక కూడా అతని కష్టాలు తీరలేదు. 1901లో టెక్సాస్‌లోని ఎల్‌పాసోలో అధికారులు అతన్ని మళ్లీ అరెస్ట్ చేశారు, అక్రమంగా ఉన్న చైనావాడని. దేశ సుప్రీంకోర్టు పేరు పెట్టి మరీ పౌరుడన్న మనిషిని!

ట్రంప్ వైపు వాదన ఏంటి?

"అధికార పరిధికి లోబడి" అన్న ఆ ముక్క దగ్గరే మెలిక. ఊరికే అక్కడి చట్టాలకి లోబడితే సరిపోదు, పూర్తి విధేయత ఉండాలి, తాత్కాలికంగా వచ్చినవాళ్ల విధేయత సొంత దేశానికే కదా అన్నది ప్రభుత్వ వాదన. వాంగ్ అమ్మానాన్నలు అక్కడ స్థిరపడిన వాళ్లు కాబట్టి ఆ తీర్పు వీసాల మీద వచ్చినవాళ్లకి వర్తించదని కూడా అంటున్నారు. ఆ తీర్పులో నివాసం ప్రస్తావన ఉన్నమాట నిజమే, కాబట్టి ఇది గాల్లో అల్లిన వాదన కాదు.

అవతలి వాదన ఇంకా సింపుల్. హెచ్-1బీ మీద ఉన్నతను సిగ్నల్ జంప్ చేస్తే ఫైన్ వేస్తారా లేదా? నేరం చేస్తే జైల్లో పెడతారా లేదా? పెడతారు. అంటే అధికార పరిధిలో ఉన్నట్టే. రాయబారిని అలా జైల్లో పెట్టలేరు, అందుకే ఆయన పిల్లలకి మినహాయింపు. నాకైతే ఈ రెండో వాదనే బలంగా అనిపిస్తుంది. ఇప్పటిదాకా ఈ కేసు విన్న జడ్జీల్లో ఎక్కువమందికీ అలాగే అనిపించింది.

ఇప్పుడు ఆ కామెంట్‌కి జవాబు

ప్రెసిడెంట్ కంటే జడ్జి పెద్దోడు కాదు. ఇద్దరికంటే రాజ్యాంగం పెద్దది. దాని అర్థం ఏంటో చెప్పే పని జడ్జిది. తమాషా ఏంటంటే, చట్టాల్ని కొట్టేసే అధికారం కోర్టులకి ఉందని అమెరికా రాజ్యాంగంలో విడిగా రాసి లేదు. మన రాజ్యాంగంలో 13వ అధికరణ ఉంది, ప్రాథమిక హక్కులకి విరుద్ధమైన చట్టం చెల్లదని స్పష్టంగా చెబుతుంది. అక్కడ 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్, చట్టం ఏమిటో చెప్పడం కోర్టు పని అని తీర్పులో రాసేశారు. అప్పటి నుంచి అదే నడుస్తోంది.

సియాటెల్ జడ్జి పేరు జాన్ కఫనౌర్. రిపబ్లికన్ ప్రెసిడెంట్ రీగన్ నియమించిన మనిషి. నాలుగు దశాబ్దాలకి పైగా బెంచ్ మీద ఉన్నాను, విషయం ఇంత క్లియర్‌గా ఉన్న కేసు ఇంకోటి గుర్తులేదన్నారాయన. ఆర్డర్ నగ్నంగా రాజ్యాంగ విరుద్ధమని చెప్పి జనవరి 23న ఆపేశారు. ఆయన హోదా డిస్ట్రిక్ట్ జడ్జి. అది వినగానే మన జిల్లా కోర్టు గుర్తొస్తుంది, కానీ అది వేరు. మన జిల్లా జడ్జి చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయలేరు, దానికి హైకోర్టు కావాలి. అమెరికాలో 94 ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులున్నాయి, కింది మెట్టే అయినా వాటికి ఆ అధికారం ఉంది. పైగా ఈ జడ్జీలకి రిటైర్మెంట్ వయసు లేదు. ప్రెసిడెంట్ నామినేట్ చేసి సెనేట్ ఓకే చేశాక జీవితాంతం ఉండొచ్చు. ఆ తర్వాత మేరీలాండ్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ జడ్జీలు కూడా ఆపేశారు. 22 రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి.

జూన్‌లో ట్రంప్ గెలిచింది దేన్ని?

జూన్ 27, 2025న సుప్రీంకోర్టు 6-3 తీర్పు రాగానే "ట్రంప్‌కి భారీ విజయం" అని మేమూ వేశాం. విజయమే, కానీ పౌరసత్వం మీద కాదు. ఆ రోజు కోర్టు తేల్చింది ఒక్కటే: ఒక జడ్జి, కేసు వేసినవాళ్లకే కాకుండా దేశంలో అందరికీ కలిపి స్టే ఇవ్వొచ్చా? జస్టిస్ ఏమీ కోనీ బారెట్ రాసిన తీర్పు ఇవ్వకూడదంది. కోర్టుకి వచ్చినవాళ్లకి పూర్తి న్యాయం చేయి, రానివాళ్ల జోలికి పోవద్దని. ఆర్డర్ మంచిదా చెడ్డదా అన్నది అసలు ముట్టుకోలేదు.

దీని అర్థం ఆలోచించండి. కేసు వేసిన రాష్ట్రంలో పుడితే ఒక రూల్, పక్క రాష్ట్రంలో పుడితే ఇంకో రూల్ అయ్యే ప్రమాదం. కేసు వేసిన న్యూజెర్సీలో పుట్టిన బిడ్డ అమెరికన్, వేయని టెక్సాస్‌లో పుట్టిన బిడ్డ కాదు అన్న పరిస్థితి రావొచ్చు. డల్లాస్, హ్యూస్టన్ చుట్టూ ఎంతమంది తెలుగువాళ్లున్నారో మీకు చెప్పక్కర్లేదు.

కానీ ఆ తీర్పే ఒక తలుపు తెరిచి ఉంచింది. క్లాస్ యాక్షన్. ఒకే సమస్య ఉన్న వందలు, వేలమంది తరఫున కొందరు కేసు వేస్తే, కోర్టు ఒప్పుకుంటే ఆ గుంపు మొత్తం కేసులో ఉన్నట్టే లెక్క. లాయర్లు ఆలస్యం చేయలేదు. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో జడ్జి జోసెఫ్ లాప్లాంట్ దేశమంతా ఉన్న పిల్లల్ని ఒక క్లాస్‌గా గుర్తించి, వాళ్లందరి విషయంలో ఆర్డర్ ఆపేశారు. ఈయన జార్జ్ బుష్ జూనియర్ నియమించిన జడ్జి. ఆ క్లాస్‌లో తల్లిదండ్రులు లేరు, పిల్లలే ఉన్నారు. ఫిబ్రవరి 20, 2025న, ఆ తర్వాత పుట్టినవాళ్లు, ఇంకా పుట్టబోయేవాళ్లు. కడుపులో ఉన్న బిడ్డ కూడా ఆ కేసులో ఉన్నట్టే.

అదే నెల 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీల్ కోర్టు 2-1తో ఆర్డర్ రాజ్యాంగ విరుద్ధమంది. డిసెంబర్ 5న సుప్రీంకోర్టు లాప్లాంట్ దగ్గర మొదలైన కేసునే విచారణకి తీసుకుంది. ఈసారి స్టేల గురించి కాదు, అసలు ప్రశ్నే. తొమ్మిది మంది జడ్జీల్లో ఆరుగురు రిపబ్లికన్ ప్రెసిడెంట్లు నియమించినవాళ్లు, అందులో ముగ్గురు ట్రంప్ నియమించినవాళ్లే. అయితే కఫనౌర్‌నీ, లాప్లాంట్‌నీ నియమించింది కూడా రిపబ్లికన్లే కాబట్టి ఆ లెక్క చూసి తీర్పు ఊహించేయకండి. ఆ కోర్టు మామూలుగా పెద్ద తీర్పులన్నీ జూన్ చివర, జూలై మొదట్లోపు ఇచ్చేస్తుంది.

మొన్న పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. కోడలికి మార్చిలో రెండో కాన్పు. "మరి ఈ బుజ్జిదానికేంటి పరిస్థితి?" అంది. ఈ రోజుకి చెప్పగలిగింది చెప్పాను: స్టే ఉన్నంతకాలం ఆ ఆర్డర్ అమల్లో లేదు, అమెరికాలో పుట్టే బిడ్డకి హాస్పిటల్ నుంచి రాష్ట్రం ఇచ్చే బర్త్ సర్టిఫికెట్ వస్తుంది, దాంతో పాస్‌పోర్ట్‌కి అప్లై చేసుకోవచ్చు. పుట్టగానే రెండూ చేయించేయమని, అమ్మానాన్నల వీసా కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోమని, అనుమానం ఉంటే అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమని చెప్పాను.

"సరేలే, బుజ్జిదో బుజ్జోడో ముందు రానీ" అని ఫోన్ పెట్టేసింది.